అంతరిక్షంలో ఒకటికి వస్తే, రెండుకి వస్తే: తొలి వ్యోమగాములు పడ్డ పాట్లు

(సైన్స్ సభలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే. పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఆ కింద చాప మీద చోటుంది.

అంతరిక్షం గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో ఒక చిన్నపిల్లో చిన్నపిల్లాడో లేచి అడుగుతారు, సార్ వాళ్ళు పైన బాత్రూమ్‌కి ఎలా వెళ్తారు అని. వెంటనే పక్కనున్న పెద్దవాళ్ళు ఛీ కూర్చో అంటారు. నిజానికి అది ఆ రోజు సభలో వచ్చిన అన్ని ప్రశ్నల్లోకీ మంచి ప్రశ్న. అందుకే ఇవాళ మొత్తం దాని గురించే మాట్లాడదామని వచ్చాను, రాకెట్ గురించి కాదు ఇంజిన్ గురించి కాదు, మనిషి ఒంట్లోంచి రోజూ బయటికొచ్చే దాని గురించి. మనం చేసినట్టే, ఆ ఛీ కూర్చో అనడం అప్పట్లో పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా చేశారండీ. అలా చేయడం వల్ల ఏం జరిగిందో చెప్తాను.

1961 మే 5. అమెరికా మొదటిసారి మనిషిని పైకి పంపుతున్న రోజు. అలన్ షెపర్డ్, నేవీ పైలట్. ఆయన ప్రయాణం మొత్తం 15 నిమిషాలు. పైకెళ్ళి కిందకి రావడమే, భూమి చుట్టూ తిరగడం కూడా లేదు. ఇంజనీర్లు ఏమనుకున్నారంటే 15 నిమిషాలకి బాత్రూమ్ ఎందుకు అని. కరెక్టే కదా? పదిహేను నిమిషాలు ఎవరైనా ఆపుకోగలరు. కానీ మనిషి క్యాప్సూల్‌లో ఎక్కి కూర్చునేది ఎప్పుడు? తెల్లవారకముందే. ఆరోజు మేఘాలొచ్చాయి, కరెంట్ భాగం ఒకటి మార్చాల్సి వచ్చింది, కంప్యూటర్ సరిచూసుకోవాల్సి వచ్చింది, ఆలస్యం మీద ఆలస్యం, నాలుగు గంటలు దాటిపోయింది. ఆయన వెల్లకిలా పడుకుని, కాళ్ళు పైకి, బెల్టులతో కట్టేసి ఉన్నారు. పొద్దున కాఫీ తాగారు, జ్యూస్ తాగారు. ఇంకేముంది.

రేడియోలో అడిగారు, నేనొకసారి బయటికెళ్ళి రావాలి అని. అవతల ఉన్నది తోటి వ్యోమగామి గోర్డన్ కూపర్. ఆయన పెద్దవాళ్ళని కనుక్కుని కుదరదన్నారు, తలుపు తీస్తే మళ్ళీ అన్నీ మొదట్నుంచి మొదలుపెట్టాలి కాబట్టి. అప్పుడు షెపర్డ్ అన్నారు, అయితే సూట్‌లోనే పోస్తాను, ఒంటి మీద ఉన్న సెన్సర్ల కరెంట్ ఆపండి, లేకపోతే షార్ట్ అవుతుంది అని. ఆపారు. పోశారు. వెల్లకిలా పడుకుని ఉన్నారు కాబట్టి అదంతా వీపు కిందకి చేరింది, లోపలి కాటన్ బట్టలు పీల్చుకున్నాయి, సూట్‌లో తిరిగే ఆక్సిజన్ గాలికి లాంచ్ టైముకి చాలావరకు ఆరిపోయింది. అమెరికా మొదటి వ్యోమగామి ఆకాశంలోకి వెళ్ళింది అలా, తడిసిన బట్టలతో.

నవ్వుతున్నారు, నవ్వండి, ఆయన కూడా తర్వాత నవ్వుతూనే చెప్పేవారు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. అన్ని కోట్ల డాలర్లు, అంతమంది ఇంజనీర్లు, ప్రతి స్క్రూకీ టెస్టు. మనిషికి మూత్రం వస్తుందన్న సంగతి మాత్రం లెక్కలో లేదు! అది వాళ్ళకి తెలియక కాదు కదా. మీటింగ్‌లో ఎత్తడానికి ఎవరికీ ఇష్టం లేదు, పదిహేను నిమిషాలే కదా అనే సాకు దొరికింది, వదిలేశారు.

రెండు నెలల తర్వాత, జులై 21న, గస్ గ్రిసమ్ వెళ్ళారు. ఆయనకి హడావుడిగా ఒక ఏర్పాటు చేశారు, ఒకదాని మీద ఒకటి రెండు రబ్బర్ లాగులు, వాటి మధ్య ఖాళీలో మూత్రం నిలిచేలా. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి కొంచెం పద్ధతైన పరికరం వచ్చింది, ఒంటికి తొడుక్కునే రబ్బర్ తొడుగు, దాన్నుంచి ఒక గొట్టం, చివర సంచి. ఆ సంచి ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గరుంది. గ్లెన్ ఆ ప్రయాణంలో దాదాపు 800 మిల్లీలీటర్లు పోశారు. చాలా ఎక్కువ అది. ఎందుకంత వచ్చిందంటే, కింద మనకి మూత్రాశయంలో నీరు అడుక్కి చేరి బరువు పడుతుంది, సగం నిండగానే వెళ్ళాలి అనిపిస్తుంది. పైన బరువు లేదు కదా, నీరు అడుక్కి దిగదు, బాగా నిండేదాకా ఆ కబురు మెదడుకి సరిగా అందదు. అందుకే ఇప్పటికీ వ్యోమగాములకి చెప్తారు, వచ్చినా రాకపోయినా టైము ప్రకారం వెళ్ళండి అని.

1963 మేలో కూపర్ వెళ్ళారు, ఇందాక రేడియోలో మాట్లాడిన ఆయనే. 34 గంటల ప్రయాణం. సంచి నిండాక ఇంకో సంచిలోకి చేత్తో పంపు కొట్టి ఎక్కించాలి. ఆ పంపు లీకయ్యింది, చుక్కలు క్యాబిన్‌లో తేలాయి, ఆయన వాటి వెంటపడి తుడుచుకోవాల్సి వచ్చింది. చివరి చుట్లలో కరెంట్ పరికరాల్లోకి తేమ చేరి షార్ట్ సర్క్యూట్లు అయ్యాయి, ఆటోమేటిక్ కంట్రోల్ పోయింది, ఆయన కిటికీలోంచి చూసుకుంటూ, చేతి వాచీ చూసుకుంటూ చేత్తో నడిపి సముద్రంలో దింపారు. గొప్ప పైలట్ కాబట్టి సరిపోయింది. మూసిన డబ్బాలో తడి అనేది ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది.

ఇప్పుడు రష్యా వైపు ఒకసారి చూద్దాం. యూరి గగారిన్, 1961 ఏప్రిల్ 12. లాంచ్ ప్యాడ్‌కి వెళ్తూ దారిలో బస్సు ఆపించి వెనక చక్రం దగ్గర పోశారని చెప్తారు, ఆ తర్వాత వెళ్ళిన వాళ్ళు కూడా శుభం అని అదే చేస్తూ వచ్చారు, అది ఆచారమైపోయింది. ఈ కథ అందరికీ తెలుసు. కానీ ఎక్కువమందికి తెలియనిది, ఆయన వెళ్ళిన వోస్తోక్ నౌకలో గాలితో లాగే ఒక చిన్న ఏర్పాటు ముందే ఉంది. ఎందుకు? ఆయన ప్రయాణం గంటన్నర, పావుతక్కువ రెండు గంటలే కదా? ఎందుకంటే కిందకి దించే ఇంజిన్ పనిచేయకపోతే నౌక తనంతట తాను దిగిరావడానికి రోజులు పడుతుంది, అందుకని పది రోజులకి సరిపడా తిండి, నీళ్ళు, గాలి పెట్టారు. పది రోజులు తింటాడు అని ఒప్పుకున్నాక, పది రోజులు వెళ్తాడు అని కూడా ఒప్పుకోవాలి. అంతే కదండీ లెక్క? 1963లో వాలెంటీనా తెరెష్కోవా దాదాపు మూడు రోజులు పైనున్నారు, అంటే ఆడవాళ్ళ సంగతి కూడా వాళ్ళు అప్పుడే ఆలోచించాల్సి వచ్చింది. అమెరికాలో ఆ ఆలోచన ఇంకో ఇరవై ఏళ్ళకి గానీ రాలేదు. దాని గురించి తర్వాత చెప్తాను.

ఇక రెండోది. ఇప్పటిదాకా ఒకటి గురించే మాట్లాడాం. మొదట్లో రెండో దానికి ఉన్న ఏర్పాటు ఏంటో తెలుసా? రాకుండా చూసుకోవడం. పీచు తక్కువుండే తిండి పెట్టేవాళ్ళు, ప్రయాణానికి ముందు మాంసం, గుడ్లు, అరిగాక మిగిలేది తక్కువ ఉండాలని. కొన్ని గంటలకి, ఒక రోజుకి అది సరిపోతుంది. కానీ చంద్రుడి దగ్గరికి వెళ్ళి రావాలంటే వారం పైనే పడుతుంది, మనిషి అన్ని రోజులు ఉండగలడా అని చూడడానికి 1965 డిసెంబర్‌లో ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లవెల్ ఇద్దర్నీ జెమిని 7 అనే చిన్న నౌకలో 14 రోజులు ఉంచారు. భుజం భుజం తగిలేంత చోటు, లేచి నిలబడడానికి లేదు, చాటు లేదు. పద్నాలుగు రోజులు! పైగా డాక్టర్లు వాళ్ళతో ఒక ప్రయోగం చేయిస్తున్నారు, తిన్నదెంత బయటికి పోయిందెంత, ఎముకల్లోంచి కాల్షియం పోతోందా అని. అందుకని మూత్రం శాంపిల్స్ తీయాలి, మలం మొత్తం దాచి తేవాలి. బోర్మన్ తొమ్మిది రోజుల దాకా ఆపుకుంటూ వచ్చారని చెప్తారు. ఇక నావల్ల కాదు అంటే, లవెల్, ఇంకా ఐదు రోజులే కదా అన్నారట.

అపోలోకి వద్దాం. చంద్రుడి మీదకి మనిషిని పంపిన నౌక. అందులో టాయిలెట్ ఉందనుకుంటున్నారా? లేదు. సంచి. ప్లాస్టిక్ సంచి. దాని గురించి వివరంగా చెప్తాను, మొహం తిప్పుకోకండి, ఇవాళ వచ్చిందే దీని కోసం.

సంచి మూతి చుట్టూ వెడల్పుగా జిగురు పట్టీ ఉంటుంది. దాన్ని వెనక భాగానికి అతికించుకోవాలి. కుర్చీ లేదు, కూర్చోడానికి బరువు లేదు, గాల్లో తేలుతూనే. క్యాబిన్‌లో ఒక మూలకి పోతారు, మిగిలిన ఇద్దరు అక్కడే ఉంటారు, తలుపూ లేదు తెరా లేదు. బట్టలు మొత్తం తీసేయడమే మేలని అపోలో 7లో వెళ్ళొచ్చిన వాళ్ళే చెప్పారు, ఒక గంట టైము పెట్టుకోండి, కాగితాలు బాగా దగ్గర పెట్టుకోండి అని కూడా. ఇప్పుడు అసలు సమస్య. కింద మనకి ఏమవుతుంది? బరువుకి విడిపడి కింద పడుతుంది. మనం ఏ రోజూ దాని గురించి ఆలోచించం. పైన విడిపడదు. ఒంటికే అంటుకుని ఉంటుంది. అందుకని ఆ సంచి గోడలోనే వేలు దూర్చడానికి ఒక తొడుగు లాంటిది పెట్టారు, బయటినుంచి అందులో వేలు పెట్టి, దాన్ని విడదీసి సంచి అడుక్కి తోయాలి. తర్వాత తుడుచుకుని ఆ కాగితాలు కూడా అందులోనే వేయాలి. అయిపోలేదు. సంచిని అలాగే మూసేస్తే లోపలి బ్యాక్టీరియా గ్యాస్ తయారుచేస్తుంది, ఉబ్బి పగులుతుంది. అందుకని క్రిములను చంపే మందు ప్యాకెట్ ఒకటి అందులో వేసి, మూసి, ఆ మందు మొత్తానికీ పట్టేలా చేతులతో పిండి పిసికినట్టు పిసకాలి. వెచ్చగా ఉన్నదాన్ని. తర్వాత ఇంకో సంచిలో పెట్టి, చుట్టి, అరలో దాచాలి, ఇంటికొచ్చాక డాక్టర్లు పరీక్ష చేస్తారు.

మొత్తానికి పట్టే టైము దాదాపు 45 నిమిషాలు. ఆ వాసన అంత చిన్న చోట ఎక్కడికి పోతుంది? చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసుకుంటూ, లెక్కలు చూసుకుంటూ, మధ్యలో ఇది. కొందరు వెళ్ళాల్సిన అవసరం తగ్గించుకోవడానికి విరేచనాలు ఆపే మాత్రలు వేసుకున్నారు. అపోలో అయిపోయాక నాసా వాళ్ళే రిపోర్టులో రాసుకున్నారు, ఇంజనీరింగ్ పరంగా ఈ ఏర్పాటు పనిచేసింది కానీ వాడిన వాళ్ళ వైపు నుంచి చూస్తే మార్కులు తక్కువే అని. నాకు ఆ మాట చదివితే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాడే మనిషికి నచ్చకపోతే అది పనిచేసినట్టా? మందులేసుకుని ఆపుకుంటున్నారంటే అది పనిచేసినట్టా? మీరే చెప్పండి.

పనిచేయని రోజులూ ఉన్నాయి. 1968 డిసెంబర్‌లో అపోలో 8, మొట్టమొదటిసారి మనుషులు చంద్రుడి దాకా వెళ్తున్నారు, దారిలో బోర్మన్‌కి వాంతులు, విరేచనాలు. నిద్ర మాత్ర వేసుకున్నాక మొదలయ్యాయి. ఆ ఉండలు క్యాబిన్‌లో తేలుతుంటే లవెల్, బిల్ ఆండర్స్ కాగితాలు పట్టుకుని వాటిని పట్టుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి కిందకి అందరూ వినే రేడియోలో చెప్పడం ఇష్టంలేక టేపులో రికార్డు చేసి పంపారు, కింద వాళ్ళు దాన్ని విడిగా విన్నారు. ఆరోగ్యానికి సంబంధించిన విషయం, ప్రాణం మీదకి రాగల విషయం, అదీ చెప్పడానికి మొహమాటపడ్డారు. చూడండి సిగ్గు ఎంత దూరం పోయిందో, చంద్రుడి దారి దాకా పోయింది.

అపోలో 10, 1969 మే. ఇది మీలో కొందరు విని ఉంటారు. క్యాబిన్‌లో టామ్ స్టాఫర్డ్, జాన్ యంగ్, జీన్ సెర్నన్. ఉన్నట్టుండి స్టాఫర్డ్ అంటారు, త్వరగా ఒక కాగితం ఇవ్వండి, గాల్లో ఒకటి తేలుతోంది అని. ఎవరిది? నాది కాదు అంటే నాది కాదు, నాది ఇంకొంచెం జిగురుగా ఉండింది అని ఇంకొకరు. ఇదంతా నాసా రికార్డుల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ముగ్గురూ చంద్రుడి చుట్టూ తిరుగుతున్న మనుషులు! నాకు మాత్రం ఆ ముగ్గురి మీద గౌరవం పెరిగింది అది చదివాక. అలాంటి చోట ఉండి నవ్వుకుని పని చేసుకున్నారు.

ఇంకొకటి చెప్తాను, దీనికి పెద్దవాళ్ళే నవ్వుతారు. మూత్రానికి పెట్టుకునే రబ్బర్ తొడుగు చిన్నది, మధ్యస్థం, పెద్దది అని మూడు సైజుల్లో ఉండేది. ఏం జరుగుతుంది? అందరూ పెద్దదే అడిగారు. సైజు కుదరదు, సూట్‌లో లీకవుతుంది. తర్వాత ఆ సైజుల పేర్లు మార్చి చెప్పుకున్నారని వ్యోమగాములే రాశారు. ఇది కూడా సిగ్గు కథే కదా, కాకపోతే ఇంకో రకం సిగ్గు.

మూత్రాన్ని అపోలోలో బయటికి వదిలేసేవాళ్ళు, ఒక గొట్టం, చివర నాజిల్, గడ్డకట్టకుండా దానికి హీటర్. బయట శూన్యం కాబట్టి బయటపడిన వెంటనే లక్షల మంచు రవ్వలుగా అయిపోతుంది, ఎండ పడితే మెరుస్తాయి. అపోలో 9లో వెళ్ళిన రస్టీ ష్వైకార్ట్‌ని పైన చూసినవాటిలో అందమైనది ఏంటని అడిగితే, సూర్యాస్తమయం వేళ మూత్రం వదలడం అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

కానీ అదే అపోలో 13లో కష్టం తెచ్చింది. 1970 ఏప్రిల్, ఆక్సిజన్ ట్యాంకు పేలాక ముగ్గురూ చిన్న లూనార్ మాడ్యూల్‌లో, అంటే చంద్రుడి మీద దిగడానికి తెచ్చుకున్న నౌకలో, తలదాచుకుని వస్తున్నారు. ఏదైనా బయటికి వదిలితే ఆ చిన్న తోపుకే దారి మారుతుంది, అందుకని మూత్రం బయటికి వదలొద్దని కింద నుంచి చెప్పారు. కాసేపటికే చెప్పిన మాట అది, వీళ్ళు మొత్తానికి అనుకున్నారు. కనపడిన ప్రతి సంచిలో దాచారు. నీళ్ళు కూడా తక్కువ, పొదుపు చేసుకుని రోజుకి ఒక గ్లాసుడు కూడా తాగలేదు. చలి వేరే. ఫ్రెడ్ హేజ్‌కి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో వణుకుతూ దిగారు. లవెల్ 6 కిలోల పైనే తగ్గిపోయారు. అపోలో 13 గురించి చెప్పేటప్పుడు అందరూ కార్బన్ డయాక్సైడ్ ఫిల్టర్ గురించి చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు.

చంద్రుడి మీద నడిచేటప్పుడు సూట్ లోపల మూత్రానికి సంచి, రెండో దానికి పీల్చుకునే లాగు లాంటిది తొడుక్కున్నారు. తిరిగొచ్చేటప్పుడు రాళ్ళు తేవాలి, బరువు తగ్గాలి, కాబట్టి లూనార్ మాడ్యూల్‌లో వాడేసినవి అక్కడే పడేశారు. 96 సంచులు ఉన్నాయని లెక్క. ఇప్పుడు శాస్త్రవేత్తలకి వాటి మీద ఆసక్తి కలిగింది, యాభై ఏళ్ళకి పైగా ఆ ఎండకి, ఆ చలికి, ఆ రేడియేషన్‌కి అందులో బ్యాక్టీరియా ఏమైనా మిగిలిందా అని. ఎవరైనా వెళ్ళి తెచ్చి చూడాలి.

ఆడవాళ్ళ సంగతి చెప్తానన్నాను కదా. 1983లో అమెరికా తరఫున మొదటి మహిళగా శాలీ రైడ్ వెళ్ళేటప్పుడు, ఆరు రోజుల ప్రయాణానికి నెలసరికి వాడే ట్యాంపాన్లు 100 సరిపోతాయా అని ఇంజనీర్లు అడిగారు. ఆవిడే తర్వాత చెప్పారు ఇది. ఇక్కడున్న అమ్మాయిలు నవ్వుతున్నారు, అబ్బాయిలకి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు, ఇంటికెళ్ళి అమ్మని అడగండి, తప్పులేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, చాలా జాగ్రత్త గలవాళ్ళే. ఇంట్లో భార్యనో అక్కనో ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగలేదు.

మన శ్రీహరికోట నుంచి రేపు మన మనుషులు వెళ్తారు, గగన్‌యాన్. ఈ గదిలో ఎవరైనా ఇంజనీరై అలాంటి మీటింగ్‌లో కూర్చుంటే, మొదటి రోజే అడగండి దీని గురించి. చివరి రోజు కాదు.

చివరగా స్కైల్యాబ్, అమెరికా మొదటి అంతరిక్ష కేంద్రం. 1973. అప్పటికి గానీ అమెరికా నౌకలో టాయిలెట్ అనదగ్గది రాలేదు. గోడకి బిగించిన సీటు, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి, బరువు చేసే పని గాలి చేస్తుంది, ఫ్యాన్ లాగుతుంది. ఇంత చిన్న ఉపాయం. దానికి పన్నెండేళ్ళు పట్టింది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం, జెమినిలో మొదలుపెట్టిన కాల్షియం లెక్క ఇక్కడ పూర్తిగా చేశారు. ప్రతి ఒక్కరి మూత్రం రోజువారీ కొలిచి, అందులోంచి కొంచెం తీసి గడ్డకట్టించి దాచారు. మలాన్ని ప్రతిసారీ తూచి, శూన్యానికి తెరిచి ఎండబెట్టి, పేరు రాసి కిందకి తెచ్చారు. బరువు లేని చోట తూచడం ఎలా అంటారా, స్ప్రింగ్ మీద పెట్టి ఊపుతారు, ఎంత నెమ్మదిగా ఊగితే అంత ద్రవ్యరాశి. ఇలా 28 రోజులు ఒక జట్టు, 59 రోజులు ఇంకో జట్టు, ఆఖర్న గెరాల్డ్ కార్, ఎడ్ గిబ్సన్, బిల్ పోగ్ 84 రోజులు, రోజూ, ఒక్కటి కూడా వదలకుండా. ఆ సంచుల లెక్కల్లోనే తేలింది, తిన్న దానికంటే ఎక్కువ కాల్షియం ఒంట్లోంచి పోతోందని, ఎముక కరిగిపోతోందని, వారాలు గడిచినా అది ఆగట్లేదని. ఇవాళ అంతరిక్ష కేంద్రంలో ఉండే వాళ్ళు రోజుకి రెండు గంటల పైన ఎక్సర్‌సైజ్‌కి కేటాయిస్తున్నారంటే దాని వెనక ఆ తొమ్మిది మంది ఓపిగ్గా తూచి, ఎండబెట్టి, పేరు రాసి తెచ్చిన ఆ సంచులు కూడా ఉన్నాయి.